గ్రహణం వేళ ఒకే ఒక్క చప్పుడు

కదలకూడదు. బేరం అదే. వెల్లకిలా పడుకోవాలి, చేతులు పక్కన పెట్టుకోవాలి, దురద పుట్టినా గోక్కోకూడదు, దేన్నీ తుంచకూడదు, కొరకకూడదు, ముడెయ్యకూడదు. సూర్యుణ్ణి పట్టిన గ్రహణం విడిచేదాకా, ఐదో నెల గర్భిణిని, కాలేజీలో ఆడపిల్లలకు భౌతికశాస్త్రం చెప్పే రాజరాజేశ్వరిని, చార్‌కమాన్ వెనక గల్లీలో అద్దెకున్న ఈ మేడగదిలో, కిటికీలకు దుప్పట్లు కట్టిన చీకట్లో గోడ మీద గీసిన బొమ్మలా ఉంటాను. బదులుగా గల్లీ మొత్తం నాకోసం నోరు మూసుకుంటుంది. ఎటు చూసినా లాభం నాదే. చెవులకు హెడ్‌ఫోన్లున్నాయి. వాటి తీగ వెంటిలేటర్లోంచి బయటికి పోయి డాబా మీదికి పాకింది. అక్కడ మా ఆయన రామచంద్రరావు అల్యూమినియం గొట్టాలతో బిగించిన ఏంటెన్నా ఆకాశం వైపు మొహం పెట్టి ఉంది. దాని కింద కారు బ్యాటరీ మీద నడిచే రేడియో రిసీవరు, ఆ పక్కన కాగితం చుట్ట మీద గీత గీసే రికార్డరు. మా ఆయన మాత్రం లేడు. కంచన్‌బాగ్‌లో లోహాలకు పరీక్షలు చేసే మనిషి, ఆకాశంతో ఏ సంబంధమూ లేని మనిషి, సంపూర్ణ గ్రహణం చూస్తానని స్నేహితులతో వ్యాను కట్టించుకుని రంగాపూర్ వైపు పోయాడు. ఆకాశం మీద థీసిస్ రాస్తున్న నేను తలుపులు మూసుకుని పడుకున్నాను. పోనీ. ఆయన చూసేది అందరూ చూసేదే. నేను వినబోయేది ఇంతవరకు ఎవరూ వినలేదు.

ఐదు గంటలకు మెట్ల మీద చెప్పుల చప్పుడవుతుంది. నా గైడు, ప్రొఫెసర్ ఆదిశేషయ్యగారు, శ్రీహరిరావనే పత్రికాయన్ని వెంటబెట్టుకుని వస్తారు. ఒకటే అడుగుతారు: నువ్వు నాలుగు నెలలుగా వింటున్న చప్పుళ్ళు ఆకాశానివా, గల్లీవా? ఒక్క మాటలో చెప్పాలి. ఆకాశానివే అంటే రేపు పత్రికలో పడుతుంది, వచ్చే నెల ఢిల్లీ సభలో ఆయన నా పేరు చెప్పి చదువుతారు, థీసిస్ నిలబడుతుంది. గల్లీవే అంటే నాలుగేళ్ళ పని బుట్టలోకి పోతుంది. చెప్పాల్సిన మాట నా దగ్గర ఎప్పుడో సిద్ధంగా ఉంది. ఈ గంట కేవలం సాక్ష్యం కోసం.

హెడ్‌ఫోన్లో సన్నగా ఇసుక జారుతున్నట్టు ఒకటే హోరు. ఆ ఇసుకలోంచి ఒక్క గులకరాయి పడాలి. టక్. అంతే. ఎందుకు పడాలంటే, సృష్టి మొదలైన తొలి క్షణాల్లో, ఒక్క నక్షత్రం కూడా వెలగకముందు, ఆ ఉడుకులో పదార్థం అక్కడక్కడ నలిగి చిన్న చిన్న కృష్ణబిలాలుగా ముడుచుకుపోయి ఉండవచ్చని లెక్కలు చెబుతున్నాయి. పెద్ద కొండంత బరువు, పరమాణువు నడుమ ఉండే గింజంత ఒళ్ళు. అవి ఊరికే మింగుతూ కూర్చోవు. సన్నగా కారిపోతుంటాయి, కారేకొద్దీ వేడెక్కుతాయి, చివరికి ఒక్క క్షణంలో పేలిపోతాయి. పోయేటప్పుడు రేడియోలో ఒక్క చప్పుడు వినిపించవచ్చని ఈమధ్యనే విదేశాల్లో లెక్కగట్టారు. ఈ చప్పుడు వెనక ఇంకా పెద్ద కేసు ఒకటుంది. గెలాక్సీల అంచుల్లో నక్షత్రాలు తిరగాల్సిన దానికన్నా వేగంగా తిరుగుతున్నాయి. కనబడే బరువు వాటిని పట్టి ఉంచడానికి చాలదు. కనబడనిదేదో చుట్టూ కమ్ముకుని పట్టుకుంది. ఏమిటది? ఎవరికీ తెలియదు. అనుమానితుల్లో ఈ బుల్లి కృష్ణబిలాలూ ఉన్నాయి. మా ఇంటి యజమాని వెంకటనారాయణగారు, బేగంబజార్లో పసుపూ బెల్లం టోకుగా అమ్మే మనిషి, ఒకరోజు ఇదంతా ఓపిగ్గా విని, కాళ్ళు ఊపుకుంటూ తీర్పు చెప్పారు. "కాంటల సరుకు కనవడ్తలేదు గని తూకం జూపిస్తున్నదంటవ్. నేనైతె మొదాలు హమాలి కాలు కాంట మీదున్నదా అని చూస్త."

ఎంత నవ్వానో. నేను నాలుగు నెలలుగా వెతుకుతున్నది హమాలీ కాలునే కదా! ఈ గల్లీలో నిప్పురవ్వ పుట్టించే ప్రతివాడూ నాకు అనుమానితుడే. రవ్వ పుడితే రేడియోలో చప్పుడు పుడుతుంది. సత్తార్ భాయ్ ఆటో, గల్లీ మొదట్లో ఇనప మంచాలు అతికే కైలాసం వెల్డింగు, దర్జీ అంజన్న మిషను మోటారు, ట్యూబులైట్లు, మసీదు మైకు. ఒక్కొక్కరి గొంతూ విడివిడిగా రికార్డు చేశాను. ఆటో గొంతు తుంపర్లు తుంపర్లుగా ఉంటుంది. వెల్డింగు చింపిన గుడ్డలా ఉంటుంది. అంజన్న మోటారు కందిరీగ. కింద ఇంటివాళ్ళ వాటా హాల్లో ఫ్రిజ్ మోటారు గుర్రుమంటుంది. నా చప్పుడు వీటిలో ఏదీ కాదు. శుభ్రంగా, ఒంటరిగా, టక్. ఒక్కొక్కరినే విడిచిపెట్టాను. అయినా ఆదిశేషయ్యగారు తల అడ్డంగా ఊపారు. "విడివిడిగా కాదమ్మా. అందరూ ఒకేసారి నోరు మూసుకోవాలి. హైదరాబాదు పాతబస్తీలో అది జరిగే పని కాదు" అన్నారు. ఊరవతలికి పోదామంటే ఇంకో రిసీవరుకు డబ్బులేదు, రెండోచోట కాపలాకు మనిషి లేడు. ఆ రాత్రే పంచాంగంలో గ్రహణం తేదీ చూశాను. శనివారం మధ్యాహ్నం. ఊళ్ళో జనమంతా ఇళ్ళల్లోనే ఉంటారు. నా గల్లీ దానంతటదే సగం మూసుకుంటుంది. మిగతా సగం ఎవరు మూయించగలరు?

వాసవాంబగారు. వెంకటనారాయణగారి భార్య, నేను పిన్నిగారూ అని పిలిచే మనిషి. గల్లీలో పెళ్ళి ముహూర్తాలూ, పిల్లల తగాదాలూ, నల్లా దగ్గర వరసలూ ఆమె చెప్పినట్టే నడుస్తాయి. నేను విషయం చెప్పగానే ఆమె నా పొట్ట వైపు చూశారు. గ్రహణం నాడు డాబా మీదికి పోతావా అన్నారు. పోనంటే, గదిలో తిరుగుతావా అన్నారు. అక్కడ బేరం మొదలైంది. "గల్లీని నేను చూస్కుంట. నువ్వు నీ కడుపును చూస్కో" అన్నారు. పట్టింది మొదలు విడిచేదాకా కదలకుండా పడుకోవాలి. హెడ్‌ఫోన్ల దగ్గర మాత్రం చాలాసేపు ఆలోచించారు. చివరికి తనే దారి చూపించారు. "కండ్లతోని చూడొద్దన్నరు. చెవులతోని ఇనొద్దని ఎవ్వరన్లె." నాకు నమ్మకం లేదు. ఆమెకు నా కృష్ణబిలాల మీద లేదు. ఒకరి మాట మీద ఒకరికి మాత్రం ఉంది. అది చాలు. మర్నాడు ఆమె వెంట గల్లీ అంతా తిరిగాను. కైలాసం చేతిలోని అద్దం దించి, "గ్రహణం నాడు వెల్డింగు ఎవడు చేస్తడత్తా, ఉన్న కండ్లు పోగొట్టుకోనీకా ఏంది" అన్నాడు. ఆ అద్దం గ్రహణం చూడటానికి మా ఆయన అడిగి పట్టుకుపోయాడు. సత్తార్ భాయ్, గ్రహణం నమాజుకు మసీదుకు పోతామనీ, బండి ఇంటి ముందే ఉంటుందనీ చెప్పి, అడగకముందే మైకు సంగతి ఎత్తాడు. "ఇమామ్ సాబ్‌తోని మాట్లాడిన అమ్మా, మైకు బంద్. ఆయన గొంతు మస్తు పెద్దది, ఫికర్ చెయ్యకుండ్రి."

వెలుగు తగ్గుతోంది. దుప్పటి అంచుల దగ్గర తెల్లగా ఉన్న గీత పసుపు అయింది, ఇప్పుడు బూడిద. ఇక్కడ సూర్యుడు సన్నటి తునకగా మిగులుతాడు. కాకులు ఒక్కసారి అరిచి మానేశాయి. ఎడమ మోకాలి వెనక దురద. వదిలేయ్. దురద గురించి ఆలోచించకుండా వరస గురించి ఆలోచించు. వరసే నా బలం. నక్షత్రాలు రోజూ నాలుగు నిమిషాలు ముందుగా వస్తాయి, నెలకు రెండు గంటలు. మనుషుల పనులకు ఆ అలవాటు లేదు. ఆఫీసు పదింటికంటే ఏడాదంతా పదింటికే. కాబట్టి చప్పుళ్ళు ఎక్కువగా వచ్చే వేళ నెలనెలా వెనక్కి జరిగితే, అవి మనుషులవి కావు. నావి జరిగాయి. దీపావళి తర్వాత కార్తీకంలో మధ్యాహ్నం మూడు ప్రాంతంలో గుంపుగా వచ్చేవి. తర్వాత నెల పన్నెండుకు. సంక్రాంతి ముందు పదింటికి. ఇప్పుడు ఉదయం ఎనిమిదికి. పాలపుంత నడిబొడ్డు నెత్తిమీదికి వచ్చే వేళలు సరిగ్గా అవే. కనబడనిది ఎక్కడ చిక్కగా ఉండాలో అక్కడి నుంచే. ఆ గ్రాఫు చూసిన రోజు ఆదిశేషయ్యగారు టీ తాగడం మరిచి గీతలు ఒక్కొక్కటీ మళ్ళీ లెక్కపెట్టుకున్నారు. పత్రికాయన్ని పిలుద్దామన్నది ఆ తర్వాతే. ఈ వేళ నడిబొడ్డు పడమట దిగిపోయి ఉంటుంది. అయినా కనబడనిది అన్ని దిక్కులా ఉంది. ఒకటి రావాలి. ఒక్కటి వచ్చినా చాలు.

ఇంత నిశ్శబ్దం ఈ ఊళ్ళో నేను ఎప్పుడూ వినలేదు. బందరు నుంచి వచ్చి ఆరేళ్ళయింది. ఈ గల్లీకి రాత్రి రెండింటికీ ఏదో ఒక గొంతు ఉంటుంది, దగ్గో, కుక్కో, ఇనప షట్టరో. ఇప్పుడు ఏదీ లేదు. వెండిరేకులు కొట్టే సుత్తులు లేవు. గాజుల లాడ్‌బజార్ అటు ఉందో లేదో తెలియదు. మసీదులో అందరూ ఒకేసారి మోకాళ్ళ మీదికి వంగినప్పుడు బట్టల రాపిడి మాత్రం గాలిలో తేలి వచ్చినట్టనిపించింది. గుమ్మంలో పీట మీద వాసవాంబగారు పెదవులు కదలకుండా జపం చేసుకుంటున్నారు. హెడ్‌ఫోన్లో హోరు కూడా పలచబడింది, ఇన్నాళ్ళూ దాన్లో సగం ఊరే ఉందన్నమాట. దుప్పటి అంచున గీత చెరిగిపోయింది. గదిలో ఏమీ కనబడటం లేదు, నా చెయ్యి కూడా. అప్పుడు పడింది.

టక్.

ఒళ్ళంతా లేచి కూర్చుంది, నేను తప్ప. శుభ్రంగా, ఒంటరిగా, నాలుగు నెలలుగా నాకు తెలిసిన అదే గొంతు. ఆటో లేదు, వెల్డింగు లేదు, మోటారు లేదు, మైకు లేదు, గల్లీ లేదు. ఇంకెవరు మిగిలారు? పైనే. వెయ్యికోట్ల ఏళ్ళు ఎవరికీ కనబడకుండా కారుతూ కారుతూ వచ్చినదొకటి ఇప్పుడే, చార్‌కమాన్ మీద, నేను వింటుండగా పోయింది. శ్రీహరిరావుగారూ, రాసుకోండి. ఆదిశేషయ్యగారూ, ఢిల్లీకి టికెట్టు కొనుక్కోండి. నవ్వాలనిపించింది. నవ్వితే కదలడం అవుతుందా? బుగ్గలు కదిలితే కదిలినట్టేనేమో, పిన్నిగారిని అడగాలి. కైలాసాన్నీ, సత్తార్ భాయ్‌నీ, ఇమాం గారినీ థీసిస్ మొదటి పేజీలో పేరుపేరునా పెట్టాలి. వాసవాంబగారి పేరు గైడు పేరు పక్కనే. ఇలా ఎంతసేపు తేలానో తెలియదు. రెండోది వచ్చింది.

టక్. దాంతోపాటే, సరిగ్గా దాంతోపాటే, కింద నుంచి సన్నగా గాజు గ్లాసులు ఒకదానికొకటి తగిలిన చప్పుడు. గలగల. ఆగిపోయింది. నేల లోపల ఏదో ఒకసారి ఒళ్ళు విదిలించుకుని నిద్రపోయినట్టు.

నా నవ్వు ఎక్కడిదక్కడ నిలిచిపోయింది. గ్లాసులు. గ్లాసులు ఎక్కడ బోర్లిస్తారు? కింద హాల్లో, ఫ్రిజ్ మీద, కుట్టుపని చేసిన గుడ్డ పరిచి. సరిగ్గా నా మంచం కింద. మోటారు ఆగేటప్పుడు ఒళ్ళు విదిలిస్తుంది, గ్లాసులు తగులుకుంటాయి. మామూలు రోజుల్లో గల్లీ గోలలో ఆ గలగల ఎవరికి వినబడుతుంది? ఈ రోజు వినబడింది. ఫ్రిజ్ నడుస్తున్నప్పుడు గుర్రుమంటుందని విని, అది నా చప్పుడు కాదని వదిలేశాను. అది ఆగేటప్పుడు లోపల మీట కరెంటును తెంచుతుందనీ, తెంచేచోట ఒక్క రవ్వ లేస్తుందనీ ఎందుకు అనుకోలేదు? నడకను బట్టి దొంగను వదిలేసి, నిలబడినప్పుడు చూడలేదు. మరి వరస? నెలనెలా జరిగిన వరస సంగతేమిటి? ఫ్రిజ్‌కు నక్షత్రాలతో ఏం పని? ఆగు. కదలకుండా ఆలోచించు. ఫ్రిజ్ కొన్నది దీపావళికి. దానికి తాళం ఉంది, తాళంచెవి వాసవాంబగారి నడుముకు ఉంది. వంట మొదలయ్యే వేళకే తెరుస్తారు, తెరిచి తెరిచి మూస్తారు, లోపల వేడెక్కుతుంది, అది ఆగుతూ నడుస్తూ ఉంటుంది. కార్తీకమంతా ఆమె పగలు ఉపవాసం, వంట మూడింటికి. మార్గశిరంలో మధ్యాహ్నం నైవేద్యం. ధనుర్మాసం నడిమికి వచ్చేసరికి పదింటికల్లా భోజనాలు. మాఘంలో తలస్నానాలు చేసి ఎనిమిదింటికి సూర్యుడికి పరమాన్నం. మూడు, పన్నెండు, పది, ఎనిమిది. మనుషుల పనులకు జరిగే అలవాటు లేదన్నానా? ఆఫీసు పనులకు లేదు. ఈ ఇంటి వంటకు ఉంది. పాలపుంతతో సమానంగా పిన్నిగారి వంటిల్లు నాలుగు నెలలు జరిగింది. నేను పుట్టినప్పటి నుంచి అలాంటి వంటిళ్ళలోనే తిన్నాను, ఒక్కసారి కూడా తోచలేదు.

సరే. థీసిస్ పోయింది. ఎంత పోయింది? వచ్చిన ప్రతి చప్పుడూ ఫ్రిజ్‌దేనని రుజువైందా? లేదు. రెంటిలో రెండోది దానిదని రుజువైంది. మిగతావి తేలాలంటే ఈ నిశ్శబ్దం మళ్ళీ దొరకదు, ఉన్నది విడుపుదాకానే. ఏడవడానికి సాయంత్రం ఉంది. పెదవులు మాత్రం కదిలిస్తూ పిలిచాను.

"పిన్నిగారూ."

"కదలకు."

"కదలట్లేదు. కింద ఫ్రిజ్ ఆపాలి."

"గల్లీల అందరి పాలు పెరుగులు అండ్లనే ఉన్నయి. ఆపితె ఇరుగుతయి."

అవును కదా. పొద్దున్నించీ అందరూ గిన్నెలు తెచ్చి దాన్లో పెట్టించారు. గ్రహణం సోకకుండా వాసవాంబగారు వేసిన దర్భ దాని నెత్తిన ఉంది కాబట్టి గల్లీలో అంతకన్నా భద్రమైన చోటు లేదు. అన్ని మోటార్లూ ఆపించిన మనిషి దీన్ని ఆపకపోవడం అందుకే. దర్భ వేసినదాన్ని ఎందుకు ఆపాలి?

"దర్భ వేశారుగా. కరెంటు లేకపోతే మటుకు ఏమవుతుంది?"

చీకట్లో ఆమె మెల్లిగా నవ్వారు. "నా దర్భ నాకే అమ్ముతున్నవా బిడ్డా." పీట జరిగింది. పాదాలు మెట్లు దిగాయి. ఈ వేళ ఆమె కూడా పీట దిగకూడదు. దిగారు. కింద స్విచ్ పడ్డ చప్పుడు చెవికీ వినబడింది, హెడ్‌ఫోన్లోనూ వినబడింది. చివరి టక్.

ఆ తర్వాత వినడమే. ఇంతవరకు నేను విన్నది కాదు, ఎదురుచూసింది. ఎదురుచూసే చెవికి కావలసిందే తగులుతుంది. ఇప్పుడేమీ అక్కర్లేదు, కాబట్టి అన్నీ వినబడుతున్నాయి. హోరు. హోరు వెనక హోరు. అది ఊరిది కాదు. పైనుంచి వస్తున్నది, నక్షత్రాల నడుమ నుంచి, ఎప్పుడూ ఉన్నది. నిజమైన చప్పుడు మళ్ళీ మళ్ళీ రాదు. పోయేది ఒక్కసారే పోతుంది, అదే చోటి నుంచి అదే గొంతుతో మర్నాడు పలకరించదు. నాకు వచ్చినవన్నీ ఒకే గొంతుతో రావడమే నన్ను మురిపించింది. అప్పుడే అనుమానించాల్సింది. రా, వస్తే ఇప్పుడు రా. ఇంటి మనుషులెవరూ లేరు, నువ్వూ నేనే. రాలేదు. దుప్పటి అంచున బూడిద గీత మొలిచింది, పసుపు అయింది. రాలేదు. దురద ఎటు పోయిందో పోయింది. ఎక్కడో కోడి పొద్దు పొడిచిందనుకుని కూసింది. ఇప్పటికీ రాలేదు. చిత్రంగా నాకు భయం వేయడం లేదు. నాలుగు నెలల కాగితాల్లో ఒక్క గీతకూ నేను ప్రమాణం చేయలేను. ఈ కాసేపటి ఖాళీ గీతకు ఎక్కడ నిలబెట్టినా ప్రమాణం చేస్తాను.

విడిచింది. శంఖం ఊదినట్టు ముందు ఒక నల్లా, తర్వాత అన్ని నల్లాలూ. బకెట్లు, పిల్లలు, అంజన్న మోటారు, సత్తార్ భాయ్ ఆటో. హెడ్‌ఫోన్లు చెవుల్లో పేలితే తీసి పారేసి, ముందు మోకాలి వెనక గోక్కున్నాను. మెట్ల మీద చెప్పులు. కానీ గ్రహణం స్నానం చేయందే ఎవరితోనూ మాట్లాడనివ్వనని వాసవాంబగారు ప్రొఫెసరునీ పత్రికాయన్నీ వరండాలో నిలబెట్టేశారు. తలమీద చెంబులు పోసుకుంటుంటే తలుపు అవతల ఆదిశేషయ్యగారు శ్రీహరిరావుగారికి పాలపుంత నడిబొడ్డు గురించి చెబుతున్నారు. ఎంత బాగా చెబుతున్నారో! ఆ మాటలన్నీ నావే. నిన్నటిదాకా నేను చెప్పినవే. తడిజుట్టుకు తువ్వాలు చుట్టుకుని తలుపు తీశాను.

"ఏమ్మా, ఆకాశమేనా?" అన్నారు ఆయన.

"కాదండీ. ఫ్రిజ్."

శ్రీహరిరావుగారు కలం పట్టుకుని, "ఫ్రిజ్ అంటే ఏ నక్షత్రం?" అనబోయి ఆగారు. నేను మొత్తం చెప్పాను, గ్లాసులూ, తాళంచెవీ, కార్తీకం, మాఘం, ఏదీ వదలకుండా. చెప్తుంటే ఆదిశేషయ్యగారి మొహం వాడింది, ఎర్రబడింది, తర్వాత ఎటూ కాకుండా పోయింది. ఆయన కోప్పడితే పడతాను. ఆయన ఒక్క ప్రశ్న అడగాలని మాత్రం కోరుకుంటున్నాను. నన్ను ఆయన దగ్గరికి లాక్కొచ్చిన మనిషి ఇంకా ఆయన లోపల ఉంటే అదే అడుగుతారు. కళ్ళజోడు తీసి పైపంచెతో తుడుచుకున్నారు.

"ఫ్రిజ్ ఆపాక?"

"ఏమీ రాలేదు."

"ఎంతసేపు?"

"అరగంట పైన."

పత్రికాయన కలం మూత పెట్టి, వినబడలేదన్నది వార్తెలా అవుతుందని మర్యాదగానే అడిగారు. ఆయనకు నేను జవాబు చెప్పలేదు. ఆదిశేషయ్యగారికే చెప్పాను. ఒట్టి ఆకాశాన్ని చాలినంతసేపు వింటే, ఇంత దూరంలో ఏడాదికి ఇన్ని కృష్ణబిలాలకన్నా ఎక్కువ చావడం లేదని చెప్పొచ్చు. అలా చెప్పగలిగితే కనబడని బరువులో ఇవి ఎంతకు మించి ఉండవో తేలుతుంది. ఒక అనుమానితుడి మీద పట్టు బిగుస్తుంది. థీసిస్ అదే. ఆయన వేళ్ళ కణుపుల మీద ఏదో లెక్కేసుకుంటూ నిలబడ్డారు, చాలా రోజుల తర్వాత కుర్రవాడిలా.

"అరగంట చాలదు రాజేశ్వరీ. ఈ గల్లీలో ఇంకో అరగంట నీకెవరిస్తారు?"

వాసవాంబగారు ఎవరి గిన్నె వారికి పంచిపెట్టి, తాళంచెవి నడుముకు దోపుకుంటూ మెట్లెక్కి వచ్చారు. పాలు విరగలేదు. ప్రొఫెసరు మొహం, నా మొహం ఒకసారి చూశారు.

"ఎంతసేపు గావాలె?" అన్నారు.

నేను చెప్పడం మొదలుపెట్టాను.